మరల నొక కుక్కను చేరదీయవచ్చునా?

గత వర్షాకాలమున ఒకనాటి సాయంకాలము, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు భార్యతో ఆశ్రమమునకు వచ్చిరి. వారిని నేను చాలకాలముగా ఎరుగుదును. ఆరతి ముగిసి అందరును వెడలిపోవుచుండగా వారిరువురు మాత్రము మంటపమున ఒక మూల కూర్చుండి యుండిరి. ఏదియో అడుగవలెనని వచ్చి, అడుగుటకు సిగ్గుపడుచున్నట్లు తోచెను. కొంతసేపటికి ఆయన విషయము చెప్పిరి. వారి యింట పండ్రెండేండ్లు పెరిగిన కుక్క మూడు నెలల క్రిందట మూత్రపిండముల వ్యాధితో చనిపోయినది. పిల్లలు దూరదేశములందున్నారు. ఇల్లు బోసిపోయినది. అదే జాతిది, అదే రంగుది అయిన పిల్లను తెచ్చుకొందమని ఆయన కోరిక. ఆమె మాత్రము, "ఇక నా గడపలో కుక్క వద్దు స్వామీ! ఒకమారు ఏడ్చినది చాలును" అనిరి.

"ఇది ఇచట అడుగదగిన ప్రశ్నయేనా? ఆత్మను గూర్చి అడుగవలసిన చోట కుక్కను గూర్చి అడుగుచున్నాము" అని ఆయన నవ్వబోయి నవ్వలేకపోయిరి.

అడుగదగిన ప్రశ్నయే యని నేనంటిని. ఆనాడు వారికి నేను చెప్పగలిగినది కొంచెమే. పిమ్మట ఆలోచింపగా తోచిన దానిని ఇచట వ్రాయుచున్నాను. ఇట్టి సందిగ్ధము వారి యొక్కరిదే కాదు గదా.

ముందుగా ఆ దుఃఖమును గూర్చి ఒక మాట. మనుష్యుడు మరణించినచో మన శాస్త్రములును, మన ఊరి ఆచారములును దుఃఖమునకు ఒక గట్టు కట్టినవి. పది దినముల అశౌచము, పండ్రెండవనాటి క్రియలు, నెలనెలకు మాసికము, సంవత్సరాంతమున ఆబ్దికము. బంధువులు వచ్చి కూర్చుందురు, పలుకరింతురు. కొన్నాళ్ళకు వారే "ఇక లెమ్ము, పనులు చూచుకొనుము" అందురు. ఏడ్చుటకు అనుమతియు, ఏడ్పు మానుటకు అనుమతియు రెండును సంఘమే యిచ్చును. ఇంట కుక్క చనిపోయినచో వీనిలో ఒకటియు లేదు. పలుకరింపవచ్చువారు లేరు. ప్రక్కింటివారు జాలితోనే, "కుక్కయే గదా, ఇంకొకటి తెచ్చుకొనుడు" అందురు. ఆ మాటతో దుఃఖించుటయే తప్పైనట్లు తోచును. గట్టు లేని నీరు ఎటు పోవునో తెలియనట్లు, ఆ దుఃఖము ఎప్పటికి తీరినదో, తీరకున్నదో ఆ యింటివారికే తెలియదు. "ఎన్నాళ్ళు ఆగవలెను?" అను ప్రశ్న ఇందుండియే పుట్టుచున్నది.

జంతువునకై కంట తడిపెట్టుట అజ్ఞానమని తలచువారు తిరువణ్ణామలైలోని శ్రీ రమణాశ్రమమునకు ఒకమారు వెళ్ళి చూడవలెను. అచట లక్ష్మియను గోవునకు సమాధి కలదు. వల్లియను లేడికిని, ఒక కాకికిని, జాకీయను కుక్కకును గూడ అచట సమాధులు కట్టిరి. 1948వ సంవత్సరము జూన్ 18వ తేదీన లక్ష్మి ప్రాణము విడిచెను. ఆ ఉదయము రమణమహర్షి దాని చెంత కూర్చుండి, దాని తలను నిమిరిరి. సూరి నాగమ్మగారు తమ తెలుగు లేఖలలో ఆ దినమును వర్ణించియున్నారు. మహర్షి వైరాగ్యమును శంకించువాడెవడును లేడు. కావున కుక్కకొరకు శోకించిన గృహస్థుని చూచి నవ్వుటకు మనకు అధికారము లేదు.

ఇక "వద్దు" అను పక్షమును చూతము. ఆమె మాటలో ఒక నిశ్చయమున్నది. అది వైరాగ్యమువలె వినబడును. అయితే మన పెద్దలు నిలుకడలేని వైరాగ్యమును మూడు విధములుగా చెప్పుదురు. పురాణము వినుచున్నంతసేపు కలుగునది పురాణవైరాగ్యము. ప్రసవవేదనపడు స్త్రీ "ఇక ఈ సంసారము వద్దు" అని ఒట్టుపెట్టుకొనునది ప్రసూతివైరాగ్యము. చితి ఎదుట నిలిచినవానికి కలుగునది శ్మశానవైరాగ్యము. ఈ మూడింటికిని పెద్దలు పేర్లు పెట్టినది ఎగతాళికి కాదు. ఆ క్షణమున ఆ మనుష్యుడు అనుకొనునది నిజమే. కాని ఆ క్షణమున జీవితమంతటికిని సరిపడు నిర్ణయము చేయరాదని వారి అభిప్రాయము. మూడు నెలల క్రిందట కుక్కను పాతిపెట్టిన చేతులతో "ఎన్నడును వద్దు" అనుటయు, మరునాడే పరుగెత్తి క్రొత్తపిల్లను తెచ్చుటయు, రెండును శ్మశానమున నిలిచి చేసిన నిర్ణయములే.

నిజమైన విరక్తికిని, దుఃఖభయమునకును భేదము తెలియుట కష్టము. నాకు తెలిసిన విధము చెప్పెదను. ఇరువదేండ్ల క్రిందట నేను బ్రహ్మచారిగా శిక్షణ పొందుచున్న దినములలో, భోజనశాల వెనుక ఒక కుక్క యుండెడిది. విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొని వచ్చినవాడను. ఒక కుక్కపై నా మనస్సు నిలుచునని నేననుకొనలేదు. విస్తళ్ళు ఎత్తివేయుట నా వంతు పని. ఆ కుక్కకు అన్నము పెట్టుటయు క్రమముగా నా వంతే అయినది. ఒక వేసవిలో అది పాము కాటున చనిపోయినది. కొన్ని మాసములకు బక్కచిక్కిన ఆడుకుక్క యొకటి రెండు పిల్లలతో అదే చోటికి వచ్చి నిలిచెను. నేను కర్ర తీసికొని అదలించితిని. వంటశాల చూచుచుండిన వృద్ధస్వామి అది గమనించి, "ఏమయ్యా, ఏల తరుముచున్నావు?" అని అడిగిరి.

"మరల బంధము వద్దని, మహరాజ్" అంటిని.

ఆయన గంజిపాత్ర దించి, "నీ బంధము నీది. దాని ఆకలి దానిది. ఆ రెంటిని ఏల కలుపుచున్నావు?" అనిరి. పిదప తామే వంగి, మిగిలిన అన్నము పిడికెడు దాని ముందుంచిరి.

ఆ మాటకు నేటికిని నా యొద్ద బదులు లేదు. నేను విరక్తుడనైనచో ఆ పిల్లలపై దయ పెరుగవలసినది, అది తరిగినది. ఆ గురుతు చాలును. అయితే ఇందుండి ప్రతివారును ప్రతి కుక్కను ఇంట పెట్టుకొనవలెనని తేలదు. వీధిలోని ప్రాణికి పిడికెడన్నము పెట్టుట వేరు, దాని బ్రదుకంతయు మన చేతిలోనికి తీసికొనుట వేరు. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఈ ప్రశంస వచ్చినప్పుడు చదువుకొన్నవారు తప్పక జడభరతుని కథను ఎత్తుదురు. రాజ్యమును విడిచి గండకీతీరమున తపస్సు చేయుచున్న భరతుడు, సింహగర్జనకు బెదరి ఏరు దుమికిన నిండుచూలాలైన లేడి గర్భమునుండి జారి నీటబడిన పిల్లను కాపాడెను; దానినే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. "చూచితిరా, పెంపుడు జంతువుపై మమకారము ఎంతకు తెచ్చినదో!" అందురు. తెలుగు భాగవతమున ఈ పంచమస్కంధము గంగనార్యుని రచన. పోతన పద్యములంత ప్రచారము దీనికి లేకపోవుటచే కాబోలు, ఈ కథను మనలో పలువురు ఇతరుల నోట విన్నవారమే గాని, నిదానముగా చదివినవారము కాము.

చదివినచో భరతుని తప్పు లేడిపిల్లను ఏటినుండి తీయుటలో లేదని తెలియును. శరణు జొచ్చినదానిని ఉపేక్షించుట దోషమని ఆయన తలచెను. ఆ తలంపు ధర్మమే. తప్పు పిదప వచ్చినది. స్నానము, జపము, పూజ ఒక్కొక్కటిగా జారిపోయినవి. ఒకనాడు లేడి కనబడలేదు. అప్పుడు భరతుడు నేలపైనున్న గిట్టల గురుతులను చూచి, ఈ భూమి యెంత పుణ్యము చేసికొన్నదో యనుకొనెను. ఆకాశమున చంద్రునిలోని మచ్చను చూచి, నా లేడిపిల్లను ఈ చంద్రుడు దాచి కాపాడుచున్నాడేమో యని తలపోసెను. ఈ ఘట్టమున నేను ఎన్నియో మారులు ఆగిపోయితిని. అడవిలో తిరుగుచున్న లేడి ఒకటి, చంద్రునిలోని లేడి మరియొకటి. మొదటిదానికి ఆకలిదప్పులున్నవి, అది పెరుగును, తన మందను వెదకికొని పోవును. రెండవది భరతుని మనస్సు. భరతుని కట్టివేసినది ఈ రెండవ లేడియే.

పోయిన కుక్క సంగతియు ఇట్టిదే. దాని దేహము పోయినది. ఇక మిగిలినది చంద్రునిలోని లేడి. "అదే జాతిది, అదే రంగుది కావలెను" అను భర్తయు, "ఇక ఏ కుక్కయు వద్దు" అను భార్యయు చూచుచున్నది ఆ మచ్చనే. ఆయన దానిని మరల నేలకు దింపవలెనని చూచుచున్నారు. ఆమె దానికి వేరొకటి అడ్డురాకుండ కాపాడుచున్నారు. ఇరువురిదియు ప్రేమయే. కాని ఇంకను రాని, లేక ఇప్పటికే ఎచటనో పుట్టియున్న ఆ మూడవ ప్రాణివైపు ఇరువురిలో ఒక్కరును చూచుట లేదు.

"దానిని మరచి వేరొకదానికి అన్నము పెట్టినచో ద్రోహము కాదా?" అని ఆమె అడిగిరి. ఈ ప్రశ్నకు నేను సమాధానము చెప్పుటకంటె ధర్మరాజు చెప్పినది వినుట మేలు. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములును దారిలో ఒక్కరొక్కరుగా పడిపోయిరి. హస్తినాపురమునుండి వెంటవచ్చుచున్న కుక్క మాత్రము తుదివరకు నిలిచెను. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కలకు స్వర్గమున చోటు లేదు, దానిని విడిచి ఎక్కుమనెను. ఆశ్రయించినదానిని విడువనని ధర్మరాజు పలికిన సంగతి మనకందరకును తెలియును. పిమ్మట జరిగిన సంభాషణము మాత్రము తరచుగా చెప్పబడదు. ఇంద్రుడు, తమ్ములను, భార్యను విడిచి వచ్చినవాడవు, కుక్కనేల విడువవని నిలదీసెను. దానికి ధర్మరాజు, చనిపోయినవారితో పొత్తును లేదు, పగయు లేదు. వారిని మరల బ్రదికించుట నా చేత కాలేదు, అందుచే విడిచితిని. బ్రదికియున్నంతకాలము విడిచినవాడను కాను అను అర్థము వచ్చునట్లు బదులు చెప్పెనని వ్యాసుడు వ్రాసెను.

ఇది కఠినమైన మాటగా వినబడవచ్చును. చెప్పినవాడు ప్రేమలేనివాడు కాడు. స్వర్గారోహణ పర్వమున నరకములో తమ్ముల గొంతులు విని, వారున్నచోటే తనకు స్వర్గమని అచటనే నిలిచినవాడాతడే. చనిపోయినవారిని ప్రేమించుట ఆగదు. కాని వారికొరకు చేయవలసిన పని ఆగును. మన చేతులు చేయగలిగిన పని యంతయు బ్రదికియున్నవారియెడలనే. అన్నము, నీరు, మందు, నిద్రకు చోటు, ఇవి పోయిన కుక్కకు ఇక అక్కరలేదు. వేరొకదానికి పెట్టినచో పోయినదాని వంతునుండి తీసి పెట్టినట్లు కాదు. కావున ద్రోహమను శంకకు తావు లేదు. ఇంకొక సంగతి గూడ ఈ కథలో కలదు. ధర్మరాజు కుక్కను వెదకికొని పోలేదు. అది తానై వెంటవచ్చెను. రానిదానిని తెచ్చి తీరవలెనను విధి కూడ ధర్మములో లేదు.

ఇపుడు భర్త కోరికను చూతము. "మరియొక కుక్క" అని మనము అలవాటుగా అనుచుందుము. అనుట తప్పు కాదు, అనుకొనుట తప్పు. వచ్చు ప్రాణి దేనికిని "మరియొకటి" కాదు. దాని తల్లి వేరు, దాని భయము వేరు, దాని అల్లరి వేరు. పాత కుక్క పేరే పెట్టి, పాత పళ్ళెములోనే పెట్టి, పాత కుక్క పండుకొన్న చోటనే పండుకొనవలెనని చెప్పినచో, అది చేయలేదు. పాతది పిలిచిన వెంటనే వచ్చెడిది, ఇది రాదు. పాతది చెప్పులు ముట్టెడిది కాదు, ఇది కొరికి పారవేయును. అప్పుడు "అది ఇట్లు చేసెడిది కాదు" అను మాట వెలువడును. కొన్ని యిండ్లలో మాటతో ఆగదు, చేయియు లేచును.

నన్నయ ఆదిపర్వమున చెప్పిన సరమ కథ ఇచట జ్ఞప్తికి వచ్చును. జనమేజయుని యాగశాలకు సరమ కొడుకైన కుక్కపిల్ల ఆడుకొనుచు వచ్చినది. జనమేజయుని తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లివద్దకు పోయినది. సరమ రాజు సభకు వచ్చి నిలిచి న్యాయమడిగెను. తప్పు చేయని నా బిడ్డను కొట్టిరి గనుక, మీకు అనుకొనని భయములు కలుగుననెను. మహాభారతము వంటి మహాగ్రంథము తొలి కథలలో ఒకదానిని కుక్కపిల్లకు జరిగిన అన్యాయమునకు కేటాయించుట ఆశ్చర్యము. ఆ పిల్ల చేసిన తప్పు అచట నుండుట మాత్రమే. చనిపోయిన వేరొక కుక్క కానందుకు ఒక పిల్లపై విసుగుకొనుట దీనికంటె ఏమంత భిన్నము?

కాబట్టి నన్నడిగినచో, పరీక్ష ఒక్కటే. పాతదానివలె లేని కుక్కను, బహుశః అందమైనది గూడ కాని కుక్కను, అది ఎట్లున్నదో అట్లే చూడగలమా? చూడగలిగిననాడు దుఃఖము పూర్తిగా తీరకున్నను తేవచ్చును. కన్నీరు మిగిలియుండుట అడ్డు కాదు. చూడలేననిపించినంతకాలము ఆగవలెను, అది మూడు నెలలైనను, మూడేండ్లైనను.

మనస్సు సంగతి యట్లుండగా, లోకవ్యవహారమున చూడవలసినవి కొన్ని కలవు. వీనిని తక్కువగా చూచు ఆధ్యాత్మికతపై నాకు గౌరవము లేదు. పాత కుక్క పార్వో యను వైరసు వ్యాధితో చనిపోయియున్నచో, ఆ వైరసు ఇంటి నేలలోను, పెరటి మట్టిలోను నెలలకొలది, ఒక్కొక్కచో సంవత్సరమునకు పైగా, నిలిచియుండును. టీకాలు పూర్తికాని పిల్లను ఆ యింటికి తెచ్చుట దానిని చంపుటకు తెచ్చుటయే. అట్టి యిండ్ల విషయమున "ఎన్నాళ్ళు ఆగవలెను" అను ప్రశ్నకు పశువైద్యుడే సమాధానము చెప్పవలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను తల్లినుండి వేరుచేయరాదు. మూడు నెలల వయస్సున రేబిస్ టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పినట్లు మరల మరల వేయించుచుండవలెను. ఇది కుక్కకే కాదు, ఇరుగుపొరుగు పిల్లలకును మన బాధ్యత.

వయస్సును గూర్చి చెప్పుటకు నోరాడదు గాని చెప్పవలసినదే. కుక్క సాధారణముగా పది పదమూడేండ్లు బ్రదుకును. అరువదియేడేండ్లు నిండిన ఆ ఉపాధ్యాయులు నేడు పిల్లను తెచ్చినచో, అది ముసలిదగునప్పటికి ఆయనకు ఎనుబది వచ్చును. ఈ మారు ముందు వెళ్ళువారు ఎవరగుదురో? వారి పిదప దానికి అన్నము పెట్టువారెవరో ఇపుడే ఆలోచింపవలెను. పెద్దవారికి పిల్లకంటె నడివయసు దాటిన కుక్క మేలని నా అభిప్రాయము. అట్టివానిని ఎవరును కోరుకొనరు. ఆశ్రయమిచ్చు శాలలలో అవి ఏండ్ల తరబడి గడపవైపు చూచుచుండును.

ఇంకొకటి. మన యిండ్లలో తరచుగా కుక్కను కోరువారు ఒకరు, చాకిరి చేయువారు మరియొకరు. భర్త ప్రేమతో తల నిమురును. అన్నము వండుట, మలము ఎత్తుట, జబ్బుచేసిన రాత్రి మేలుకొనుట భార్య పాలబడును. ఆ పండ్రెండేండ్లును ఆ యింట జరిగినది అదియేనని ఆమె మెల్లగా చెప్పిరి. ఆయన తల వంచుకొనిరి. చివరి పదునైదు దినములు కుక్కకు చెంచాతో నీరు పోసినదామె. "వద్దు" అను మాటలో దుఃఖమే కాక అలసటయు ఉన్నదని ఆనాడే మొదటిమారుగా ఆయనకు తెలిసెనని తోచుచున్నది. ఇంటివారందరును సమ్మతింపక తెచ్చిన ప్రాణి ఆ యింటి తగవులకు నడుమ పెరుగును. అన్నియు లెక్కచూచుకొని "మా వలన కాదు" అను నిర్ణయమునకు వచ్చినవారిని ప్రేమలేనివారనరాదు. మేడపై చిన్న గదులలో, ప్రొద్దుననగా పోయి రాత్రికి వచ్చువారు కుక్కను గొలుసునకు కట్టి పెంచుటకంటె, పెంచకుండుటయే దయ.

ఆనాడు నేను వారికి చెప్పినది ఇంతయు కాదు. "ఇపుడు ఏమియు నిర్ణయింపకుడు. ఇంటి గడప తెరచియుంచుడు" అని మాత్రము అంటిని. ఆమె వెళ్ళునప్పుడు, "చెవి తెగిన వీధికుక్క యొకటి మా అరుగుపై పండుకొనుచున్నది, స్వామీ. ముసలిది. నేను చూడనట్లే లోపలికి పోవుచుందును" అనిరి.

సంక్రాంతికి వారి ఉత్తరము వచ్చెను. ఆ ముసలికుక్కను పశువుల ఆసుపత్రికి తీసికొనిపోయి టీకా వేయించిరట. కాలి పుండునకు కట్టు కట్టించిరట. ఆసుపత్రికి ఆటోలో ఎక్కించినవారు ఆమెయే. ఇపుడు ఉదయము దానికి అన్నము పెట్టుట, అరుగు కడుగుట ఆయన వంతు. అది ఇంటిలోనికి పిలిచినను రాదు. అరుగే దానికి ఇష్టము. పాత కుక్క పళ్ళెమును అటకపై భద్రపరచి, దీనికి బజారులో క్రొత్తపళ్ళెము కొనిరట. పేరు ఇంకను పెట్టలేదట.